ఏడుపుగొట్టు సినిమా

పోయిన ఆదివారం పొద్దున మా చెల్లె బిడ్డ నా ముఖం ముందు ఫోను పెట్టి, "పెద్దమ్మా, గీ పాత సినిమా మళ్ల థియేటర్ల వేస్తున్నరట. నువ్వు అప్పుడే చూసినవా?" అని అడిగింది. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. సెలవులకు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంది. వచ్చి, సినిమాల మీద అభిప్రాయాలు చెప్పే మనుషుల్ని ఫోనులో చూస్తూ కూర్చుంటుంది. కొత్త సినిమా చూడాలా వద్దా అన్నది వాళ్లను అడిగే తేల్చుకుంటుంది. పాత సినిమా గొప్పదా కాదా అన్నదీ వాళ్లే చెప్పాలి. ఆ రోజు ఫోనులో ఉన్నది ఒక గడ్డం అబ్బాయి. ఆ సినిమా వచ్చేనాటికి వాళ్ల అమ్మానాన్నలకు పెండ్లి కూడా అయి ఉండదు. ఆ అబ్బాయి కళ్లు సగం మూసుకుని, ఇది మన భాషలో వచ్చిన క్లాసిక్ అని, బాధను ఇంత నెమ్మదిగా చూపించిన సినిమా మరొకటి లేదని చెప్పి, ఐదు స్టార్లకు నాలుగున్నర ఇచ్చాడు. నేను చేతిలో ఉన్న చాయ గ్లాసు కింద పెట్టాను. ఆ సినిమా విడుదలైన వారంలోనే, ఇది చెత్త అని పేపర్లో అచ్చు వేయించుకున్న ఘనురాలిని నేనే.

సినిమా పేరు రాయను. రాస్తే ఇప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లంతా నా మీద పడతారు. రిటైరైన తెలుగు టీచరును, నాకంత ఓపిక లేదు. సినిమా విమర్శకులంటే నాకు కోపం లేదు కానీ, వాళ్లను చూస్తే కొంచెం జాలి వేస్తుంది. పాపం, పొద్దున ఆట చూసి సాయంత్రానికి మాట తేల్చేయాలి. అప్పుడు ఆణిముత్యం అన్నది ఇప్పుడు టీవీలో వస్తే మనమే చానల్ మారుస్తాం. అప్పుడు ముక్కు మూసుకున్నదానికి ఇప్పుడు హారతులు పడతాం. జీవితంలో నేను రాసింది ఒకే ఒక్క సమీక్ష. అందులో సినిమాను తిట్టిన తిట్లు తప్పని ఈ గడ్డం అబ్బాయి అంటే నాకేమీ నొప్పి లేదు. నా నొప్పి వేరు. ఆ సమీక్ష చివర నేనొక వాక్యం రాశాను. ఆ వాక్యం వల్లే మా చిన్నవ్వ సినిమాలు చెప్పడం మానేసిందని ముప్పై ఎనిమిదేళ్లుగా లోపల్లోపల కుములుతూ వచ్చాను. ఆమెను అడగలేదు, ఇంకెవరికీ చెప్పలేదు.

చిన్నవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, చెల్లెలు. చొప్పదండిలో మా ఇంటి పక్కిల్లే వాళ్లది. మా వాడలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. పొద్దున వంట పని కాగానే మా ఇంటి అరుగు మీదికి చేరి, చాటలు ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్లు. మనిషికి రోజుకు వెయ్యి బీడీలు. అంత పనిలో సినిమాకు పోవడమెక్కడ? అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. కరీంనగర్‌లో కొత్త సినిమా పడగానే చిన్నవ్వను బస్సెక్కించేవాళ్లు. ఆ రోజు ఆమె చుట్టాల్సిన వెయ్యి బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి పెట్టేవాళ్లు. ఆమె తిరిగొచ్చి సినిమా చెప్పాలి. వాడంతటికీ కలిపి ఒక్క జత కండ్లు పంపించేవాళ్లన్నమాట.

ఆ కండ్లు మామూలివి కావు. ఫైటింగు వస్తే, "గీడ జరసేపు కొట్టుకున్నరు, గెలిచిండు" అని చిన్నవ్వ ఒక్క ముక్కలో దాటేసేది. పాట వస్తే, "పాట మంచిగున్నది, నాకు రాదు" అనేది. అత్త కోడల్ని ఒక మాట అన్నదంటే మాత్రం, అప్పుడు అత్త ఎటు చూస్తోంది, కోడలి చేతిలో ఏ గిన్నె ఉంది, ఆ గిన్నె కింద పెట్టిందా, జారిపోయిందా, అంతా చెప్పేది. రెండున్నర గంటల సినిమా ఆమె నోట మూడున్నర గంటలు నడిచేది. సరిగ్గా మధ్యలో ఆపి, "ఇంటర్వెల్" అని చాయ అడిగేది. చాయ రానిదే హీరోయిన్ కష్టాలు ముందుకు సాగేవి కావు. సినిమా అయిపోయాక అరుగు తీర్పు చెప్పేది. "మూల తడిసింది" అంటే ఫరవాలేదని. "సగం కొంగు" అంటే మంచి సినిమా. "కొంగు పిండుకోవాలె" అన్నారంటే ఇక దానికి తిరుగులేదు. నవ్వించే సినిమాల్ని వాళ్లు సినిమాల కింద జమ కట్టేవాళ్లు కాదు. నవ్వడానికి బస్సెక్కి కరీంనగర్ దాకా పోవాలా, వాడలో మొగవాళ్లు లేరా అనేది మా అవ్వ.

అందరికంటే ఎక్కువగా కొంగు తడిపేది మా మస్కట్ వదినె. చిన్నవ్వ ఇంటి గోడ అవతలి ఇల్లు ఆమెది. పెండ్లయిన ఏడాదికే భర్త మస్కట్ పోయాడు. రెండు నెలలకోసారి ఉత్తరం వచ్చేది. ఒక్కోసారి మూడు నెలలైనా వచ్చేది కాదు. ఉత్తరం ఆలస్యమైనప్పుడు ఆమె బీడీలు బిగుతుగా వచ్చేవని, అవి కార్ఖానాలో పక్కన పడేసేవాళ్లని చెప్పుకునేవారు. ఆమె చిన్నవ్వ ఎదురుగా, మోకాళ్లు తాకేంత దగ్గర కూర్చుని సినిమా వినేది. సినిమాలో మొగుడు దూరం పోయాడంటే చాలు, చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని, "ఎప్పుడు వస్తడే?" అని మధ్యలోనే అడిగేది. "ఆగరాదే, చెప్తున్న గద" అని చిన్నవ్వ కసిరేది.

ఆ సినిమా వచ్చేనాటికి నేను కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. విమర్శ అనే మాట కొత్తగా నేర్చుకున్నాను. చేతికి కొత్తగా కొడవలి వచ్చినవాడు కనబడ్డ కొమ్మల్లా కొట్టినట్టు, ఏ కథ చదివినా ఏ సినిమా చూసినా నరకడమే నా పని. ఒక పేపరు జిల్లా పేజీలో పాఠకుల సమీక్షలు వేస్తారని తెలిసి, ఆ సినిమా చూసొచ్చి రాసి పంపాను. "ఇది ఉత్త ఏడుపుగొట్టు సినిమా. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా ఏడుపే" అని మొదలుపెట్టి, కథను, నటుల్ని, దర్శకుణ్ణి వరసబెట్టి తిట్టాను. ఇక ముగింపు కావాలి. "కొంగు తడిస్తే చాలు గొప్ప సినిమా అనుకునే ఆడవాళ్లు ఉన్నన్నాళ్లూ మనకీ ఖర్మ తప్పదు" అని రాశాను. రాసేటప్పుడు మా అరుగు గుర్తు రాలేదని అంటే అబద్ధం. చిన్నవ్వ ముఖమే కళ్ల ముందు కనబడింది. వాక్యం బాగా వచ్చింది కదా అని, ముఖాన్ని పక్కకు పెట్టి వాక్యాన్నే ఉంచుకున్నాను.

అచ్చయింది. కింద నా పేరు. వారం తర్వాత ఇంటికి పోతే మా బాపు, అంటే నాన్న, బస్టాండులోనే ఎదురొచ్చాడు. పొలం, పశువులు తప్ప వేరే ముచ్చట ఎరగని మనిషి, ఆ రోజు నా సంచి లాక్కుని తానే మోస్తూ నడిచాడు. "నీ రాత అరుగు మీద చదివి వినిపిచ్చిన బిడ్డా. మొదాల్ నుంచి ఆఖరు దాక ఏడ్పేనట అనంగనే, గంత మంచి సినిమానా అని అందరు కరీంనగర్‌కు ఉరికిండ్రు" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను తిట్టు అనుకుని విసిరిన మాటను మా వాడ దండలాగా మెడలో వేసుకుంది. లోకంలో ఏ విమర్శకుడికీ ఇంత పరాభవం జరిగి ఉండదు. ఆ నవ్వు మాత్రం ఇంటికి పోయేదాకానే నిలిచింది. అరుగు మీద అందరూ ఉన్నారు, చాటలున్నాయి, కానీ మధ్యలో కొత్తగా రేడియో ఉంది. చిన్నవ్వ తల వంచుకుని బీడీలు చుడుతోంది. ఆ శుక్రవారం కరీంనగర్‌లో ఇంకో సినిమా పడింది, ఆమె పోలేదు. అవ్వ అడిగితే, "కండ్లు మండుతున్నయక్కా" అంది. ఆ తర్వాతి సినిమాకూ పోలేదు. ఇక ఎప్పుడూ పోలేదు, చెప్పలేదు.

బాపు అరుగు మీద చదివాడంటే చివరి వాక్యం కూడా చదివే ఉంటాడు. మిగతావాళ్లకు పట్టకపోయినా, మాట మాటకూ గిన్నె ఎటు జారిందో చూసే చిన్నవ్వకు అది తనకు తగిలిన రాయి అని తెలియకుండా ఉంటుందా? నాకు తెలిసిన లెక్క అంతే. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను హాస్టలుకు పోయేటప్పుడు ఎప్పటిలాగే సర్వపిండి మూట కట్టి ఇచ్చింది. హాస్టల్లో దాన్ని పక్క గది వాళ్లకు పంచేసేదాన్ని. తిడితే బాగుండు అనిపించేది. నాకు ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది, పిల్లలు పుట్టారు, అన్నిటికీ చిన్నవ్వే ముందు వచ్చి నిలబడింది. ఆమె ఉన్న చోట ఎవరైనా సినిమాల ముచ్చట ఎత్తితే నేను నీళ్లకో, దేనికో లేచిపోయేదాన్ని. మళ్లీ సమీక్ష రాయలేదు. బడిలో పిల్లలు వ్యాసం చివర ఒక చురుకైన ముక్కతో ముగిస్తే, మార్కులు వేస్తూనే, "ఇది ఎవరికైనా తగులుతుందేమో చూసుకో" అని పక్కన రాసేదాన్ని. వాళ్లు రైతు మీదా, వానాకాలం మీదా రాసిన వ్యాసాలవి. పాపం, ఆ మాట ఎందుకు రాశానో వాళ్లకు ఏమర్థమై ఉంటుంది?

ఆదివారం మధ్యాహ్నం మా చెల్లె బిడ్డ, "అమ్మమ్మను చూసొద్దాం పా" అని చొప్పదండికి కారు తీసింది. పిల్ల అమ్మమ్మ అనేది చిన్నవ్వనే. ఆమెకు ఇప్పుడు ఎనభై దగ్గర. చెవులు బాగానే పనిచేస్తాయి, కండ్లకు ఆపరేషన్ అయింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. పిల్ల పోయి పక్కన కూర్చుని, ఫోనులో ఆ సినిమా ముక్క ఒకటి పెట్టింది. రెండు మాటలు వినగానే చిన్నవ్వ చేతులు ఆగాయి. "అగో, గిది గా సినిమా గాదె!" అంది. నేను అలవాటుగా నీళ్లకని లేచాను. నేను గడప దాటకముందే, ముప్పై ఎనిమిదేళ్లు నా నోటికి రాని ప్రశ్నను ఆ పిల్ల చిక్కుడుకాయ తుంచినంత సులువుగా అడిగేసింది.

"అమ్మమ్మా, నువ్వు సినిమాలు మస్తు చెప్పేదానివట గద. ఎందుకు బంద్ చేసినవ్?"

"గీ సినిమాతోనే బంద్ అయింది బిడ్డా. మీ పెద్దమ్మ పేపర్ల రాసింది గద, దానితోని."

నేను గడప మీదే కూర్చున్నాను. చిన్నవ్వ నా వైపు చూడకుండా చెప్పుకుపోయింది.

"నేను గంతకుముందే సూసొచ్చి చెప్పిన. అందరు కొంగులు పిండుకున్నరు. ఆఖరుకు మొగడు బస్సు దిగి ఇంటికి వచ్చిండని చెప్పిన. అందరు ఖుష్. రెండు రోజులకు మా బావ పేపర్ వట్టుకొచ్చి, ఆఖరు దాక ఏడ్పేనట అని సదివిండు. ఇగ సూడు. మొగడు వచ్చినంక మళ్ల ఏడ్పేందే, సదువుకున్న పిల్ల తప్పు రాస్తదా, పోయి సూద్దాం పా అని అందరు లేసిండ్రు. నేను వద్దంటె ఎవ్వలు ఇనలే."

మా బావ అంటే మా బాపే. "వద్దని ఎందుకన్నవ్?" అని పిల్ల అడిగింది.

చిన్నవ్వ గోడ అవతలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "సినిమాల వాడు రాలే బిడ్డా. దేశం గాని దేశంల సచ్చిపోయిండు. గామె గడపల కూసొని సూస్తనే ఉంటది, గంతే, గదే ఆఖరు. గోడకవతలి దాని మొగడు మస్కట్‌ల ఉండె. ఉత్తరం రాక మూడు నెలలైతుండె. నా ముంగట మోకాలుకు మోకాలు ఆనిచ్చి కూసుండె. దానికెట్ల చెప్త? అందుకే బస్సు దింపిన. సినిమాల బస్సే లేదు."

పిల్ల పకపకా నవ్వింది. "గీ ఒక్క సినిమాకేనా అమ్మమ్మా?"

"అన్నిట్ల గట్లనే చెప్పిన," అంది చిన్నవ్వ, కొంచెం సిగ్గుపడుతూ. "అది అరుగు మీద ఉన్నన్ని రోజులు నేను ఒక్కని గూడ సావనియ్యలే."

సినిమా చూసి వచ్చేటప్పుడు బస్సులో అందరూ ఏడుస్తుంటే మస్కట్ వదినె మాత్రం ఏడవలేదట. ఇంటి ముందు దిగాక చిన్నవ్వ చెయ్యి పట్టుకుని, "ఇంకెన్నిట్ల సచ్చిండ్రే?" అని అడిగిందట. "ఇగ మళ్ల నాకు చెప్పబుద్ధి కాలే. నిజం చెప్తె దానికి భయం. అబద్ధం చెప్తె నమ్మదాయె. గా ముచ్చట దాని ముంగట ఎవ్వలం ఎత్తలే" అంది. అప్పుడే గోడ అవతల నుంచి మస్కట్ వదినె గొంతు ఖణేల్మని వినిపించింది. "పొద్దుగాల సంది టీవీ ముంగటనే కూసుంటివి, గా మోకాళ్లు కట్టెలైతయి, జర లేసి నడువు!" దానికి ఒక ముసలి గొంతు ఏదో గొణిగింది. చిన్నవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ, "పన్నెండేండ్లకు వచ్చిండు. బస్సే దిగిండు" అంది.

నాకు ఊపిరి ఆడింది. నా వాక్యం కాదు, నా వాక్యం కాదు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. అయినా ఇంకా ఒక ముల్లు మిగిలింది. "చిన్నవ్వా, మరి చివరికి నేను రాసిన మాట?" అన్నాను. "ఏం మాట?" అంది. "బాపు చదవలేదా?" అంటే, "ఆఖరు దాక ఏడ్పే అని సదివిండు. మిగిలింది లోపల సదువుకున్నడు, పేపర్ మడతవెట్టి సంకల వెట్టుకొని పొలం పోయిండు. గంతకన్న ఎక్కువ సదవలే" అంది. బాపు పోయి తొమ్మిదేళ్లవుతోంది. ఆ రోజు బస్టాండులో నా సంచి మోస్తూ నడిచిన మనిషికి ఆ వాక్యం తెలుసు. తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదు, ఆడవాళ్ల చెవిన పడనీయలేదు. నేను అక్కడే ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో తెలియక పిల్ల బెదిరిపోయి ఫోను పక్కన పెట్టింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. కొంగు తడిస్తే చాలు గొప్ప సినిమా అనుకునే ఆడవాళ్లని ఎగతాళి చేశానని, మిమ్మల్నే మనసులో పెట్టుకుని రాశానని చెప్పాను. చిన్నవ్వ తన రెండు చేతులు ఎత్తి నాకు చూపించింది. బీడీలు మానేసి పదిహేనేళ్లయినా వేళ్ల కొసల పసుపు పోలేదు.

"తంబాకు చేతులు కండ్లకు వెట్టుకుంటె మండి సస్తం గదనే. కొంగుతోని గాక దేంతోని తుడుసుకుంటం?"

అంతే. తిట్టేమో అని అనుమానం కూడా రాలేదు ఆమెకు. ఆ అరుగు మీద పుట్టి పెరిగి, చదువుకుని, కొంగుల గురించి పేపర్లో రాసిన నాకు ఆ సంగతి అరవై ఏళ్లకు తెలిసింది. నవ్వొచ్చింది, ఏడుపు ఇంకా ఆగలేదు, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చాయి. చిన్నవ్వ తన కొంగే అందించింది.

వచ్చేటప్పుడు పిల్ల, రేపు కరీంనగర్‌లో ఆ సినిమాకు పోదామని, టికెట్లు తీస్తానని చిన్నవ్వను బతిమాలింది. "నాకొద్దు బిడ్డా, వాడు మళ్ల సస్తడు" అని చిన్నవ్వ ఒప్పుకోలేదు. కారులో నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్లకు ఒళ్లు తేలికగా ఉంది. ఒక్క మధ్యాహ్నం పట్టే మాట అడగడానికి నేను ముప్పై ఎనిమిదేళ్లు తీసుకున్నాను. అన్నేళ్లూ జవాబు చెప్పే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఉంచినందుకు కాలానికి ఒక దండం.